మూడు తరగతులు, ఒక గది: చిన్నపిల్లలకు చదవడం నేర్పిన నా అనుభవం

నేను తెలంగాణలో ప్రభుత్వ టీచర్ల నియామకానికి జరిగిన 2024 డీఎస్సీలో ఎస్జీటీగా, అంటే ప్రాథమిక తరగతుల టీచర్‌గా ఎంపికయ్యాను. ఆ ఏడాది జులై, ఆగస్టుల్లో పరీక్షలు జరిగాయి. అక్టోబర్ 9న హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో నియామక పత్రాలు ఇచ్చారు. దసరా సెలవులు అయిపోగానే నల్గొండ జిల్లాలో ఒక చిన్న ఊరి మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో చేరాను. టీచర్ శిక్షణ కోసం డీఎడ్ చదివేటప్పుడు టీచింగ్ ప్రాక్టీసుకని బడులకు వెళ్లాను కానీ, ఒక తరగతి పూర్తిగా నా చేతికి రావడం అదే మొదటిసారి. వచ్చింది కూడా ఒకటి కాదు, మూడు తరగతులు.

మా బడిలో హెచ్‌ఎం సార్, నేను, ఇద్దరమే. నాలుగు, అయిదు తరగతులు సార్ చూస్తారు. ఒకటి, రెండు, మూడు నావి. నా గదిలో పిల్లలు 22 మంది, బడి మొత్తానికి 38 మంది. విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది లోపు పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లు ఉండాలి. ఆ లెక్కన మా బడికి లోటేమీ లేదు. కానీ ఒకటో తరగతి పిల్లలతో పలక మీద దిద్దించాల్సిన గంటలోనే రెండో తరగతికి పాఠం చెప్పాలి, మూడో తరగతికి పరిసరాల విజ్ఞానం కూడా చెప్పాలి. నేను వచ్చేదాకా సార్ ఒక్కరే అయిదు తరగతులనూ నడిపారు. పిల్లలు బడి మానకుండా, మధ్యాహ్నం వంట ఆగకుండా, రిజిస్టర్లు వెనకబడకుండా చూసుకోవడమే ఒక మనిషికి తలకు మించిన పని. ఆయన అంతా చేస్తూ పిల్లల్ని నిలబెట్టారు కాబట్టే నాకు చెప్పడానికి పిల్లలు మిగిలారు.

పిల్లల నోటుపుస్తకాలు చూస్తే రాత ముచ్చటగా ఉండేది. బోర్డు మీద ఏది రాస్తే అది అలాగే దించేవారు. పాఠం చదవమంటే గది దద్దరిల్లేలా అందరూ కలిసి చదివేవారు. ఒక్కొక్కరినీ దగ్గర కూర్చోబెట్టుకుని వింటే అసలు సంగతి తెలిసింది.

మూడో తరగతిలో ఒక పాప ఉంది. తెలుగు వాచకం తెరిచి ఒక పేజీ ఆగకుండా చదివేసింది. వేలు కూడా వరస వెంట నడుస్తూనే ఉంది. అయితే నోరు మూడో వరస దాటేసరికి వేలు ఇంకా రెండో వరస మధ్యలోనే ఉంది. నేను ఒక పదం మీద వేలు పెట్టి, ‘ఇక్కడ ఏముంది?’ అని అడిగాను. పాప మళ్లీ పేజీ మొదటి నుంచి అందుకుంది. మెల్లగా చెప్పుకుంటూ వచ్చి, నా వేలి దగ్గర ఆగాలని చూసింది. ఎక్కడ ఆగాలో తెలియక నా మొహం వైపు చూసింది. ఆ పాఠం మొత్తం ఆ పిల్లకు వచ్చు. అందులో ఒక్క ముక్క కూడా చదవడం రాదు. తెలివి లేక కాదు, అంత పాఠం కంఠతా పట్టడానికి ఎంత తెలివి కావాలి!

తెలంగాణలో 2022 నుంచి తొలిమెట్టు కార్యక్రమం నడుస్తోంది. అంతకు ముందు ఏడాది కేంద్రం తెచ్చిన నిపుణ్ భారత్ ఉద్దేశం కూడా అదే: మూడో తరగతి దాటేలోపు పిల్లలకు చదవడం, రాయడం, చిన్న లెక్కలు రావాలి. పిల్లలు ఎక్కడున్నారో ముందు తెలుసుకోవాలి, అక్కడి నుంచే మొదలుపెట్టాలి అనేది అందులో నాకు బాగా నచ్చిన మాట. నేను నాలుగు అట్టముక్కలు తయారు చేసుకున్నాను. ఒకదాని మీద అక్షరాలు, ఒకదాని మీద తల, పలక, జడ లాంటి చిన్న పదాలు, మూడోదాని మీద నాలుగు వాక్యాలు, నాలుగోదాని మీద చిన్న కథ. ఒక్కొక్కరినీ వరండాలోకి పిలిచి చదివించాను. గదిలో అందరి ముందూ అడిగితే పక్కవాళ్లు అందిస్తారు, లేదంటే నవ్వుతారు. రెండూ పిల్లకు నష్టమే.

మూడో తరగతిలో 8 మంది ఉంటే కథ చదివినవాళ్లు ఇద్దరు. నలుగురు పదాల దగ్గర ఆగారు. మిగిలిన ఇద్దరూ అక్షరాల దగ్గరే, అందులో కంఠతా పాఠం చెప్పిన పాప ఒకతి. రెండో తరగతిలో ఒకబ్బాయి మాత్రం వాక్యాలు చదివాడు. మూడో తరగతిలో చదువుతున్న వాళ్లక్క పక్కన కూర్చుని నేర్చుకున్నాడట. ఒకటో తరగతి పిల్లలకు సగం అక్షరాలు వచ్చు, అదీ వరసలో చెబితేనే. ‘ఘ’ చూపించి ఏమిటంటే ‘క ఖ గ’ నుంచి మొదలుపెట్టి అక్కడికి వచ్చేవారు.

ఆ తర్వాత జనవరిలో, పల్లె పిల్లల చదువు ఎలా ఉందో చూసే అసర్ సర్వే 2024 నివేదిక వచ్చింది. దేశం మొత్తం మీద గ్రామీణ ప్రాంతాల ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగినవాళ్లు 2022లో 16.3 శాతం, 2024లో 23.4 శాతం. పెరిగినందుకు సంతోషమే. కానీ నలుగురు పిల్లల్లో ముగ్గురికి ఇంకా రావడం లేదనే కదా ఆ అంకెకు అర్థం. ఆ ముగ్గురూ నా గదిలో నా కళ్ల ముందే కూర్చుని ఉన్నారు.

నేను చేసిన మొదటి పని, ఉదయం ప్రార్థన అయ్యాక ఒక గంట పాటు తరగతులు కలిపేయడం. ఆ గంట తెలుగుకే. ఎవరు ఏ తరగతి అన్నది వదిలేసి, ఎవరికి ఎంత వచ్చు అన్నదాన్ని బట్టి మూడు గుంపులు చేశాను. అక్షరాల గుంపు నా దగ్గర చాప మీద. పదాల గుంపు కిటికీ దగ్గర వర్క్‌బుక్కులతో. చదవగలిగినవాళ్లు వరండాలో కథల పుస్తకాలతో. కాసేపయ్యాక నేను ఒక గుంపు నుంచి ఇంకో గుంపు దగ్గరికి మారేదాన్ని. మూడో తరగతి పిల్లలు ఒకటో తరగతి వాళ్లతో కూర్చోవడానికి మొహమాటపడతారని భయపడ్డాను. అందుకే వాళ్లకు ఒక పని అప్పగించాను: చిన్నవాళ్ల పలకలు చూడడం, సున్నా పోయిందా, తలకట్టు పోయిందా అని సరిచేయడం. ఇంకొకరి పలక దిద్దుతూ దిద్దుతూ వాళ్లకూ ఆ అక్షరం గుర్తుండిపోయేది.

రెండో పని అన్నిటికంటే కష్టమైనది. ప్రతి పిల్లా రోజూ నాకు ఒక్కసారైనా చదివి వినిపించాలి అని పెట్టుకున్నాను. ఒక్కొక్కరికి రెండు నిమిషాలే అనుకున్నా 22 మందికి 44 నిమిషాలు. టైంటేబుల్లో అంత ఖాళీ ఎక్కడుంటుంది? అందుకని దొరికిన చోటల్లా విన్నాను. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చే పిల్లలు గేటు దగ్గర, చేతులు కడుక్కోవడానికి నిలబడిన వరసలో ఇద్దరు, ఆటల గంటలో అవుటై పక్కన కూర్చున్నవాళ్లు, సాయంత్రం ఆటో కోసం ఆగేవాళ్లు. చేతిలో ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకున్నాను. ఎవరు ఏ అక్షరం దగ్గర ఆగారో అందులో రాసుకునేదాన్ని. ఆ పుస్తకం ఇప్పటికీ నా బ్యాగులోనే ఉంది. పాఠం ఎంతవరకు అయింది అనే లెక్కకన్నా, ఎవరు ఎక్కడ ఆగుతున్నారు అనే లెక్క నాకు ఎక్కువ పనికొచ్చింది. పిల్ల చదువుతుంటే ఎదురుగా ఒకరు కూర్చుని పూర్తిగా వినాలి. తప్పు చెబితే కోప్పడకూడదు, వెంటనే అందించకూడదు, కాసేపు ఆగాలి. నేను చూసినంతవరకు పిల్లలకు చదవడం వచ్చేది ఆ కాసేపట్లోనే.

అక్షరాలు ‘అ’ నుంచి ‘ఱ’ దాకా వరసగా కాకుండా, పిల్లల పేర్లలో వచ్చేవి, ఇంట్లో రోజూ వాడే మాటల్లో వచ్చేవి ముందు తీసుకున్నాను. ల, త, ప, వ, క, న, ర, గ, వాటికి తోడు సున్నా వస్తే చాలు, ఎన్ని మాటలో! తల, వల, కల, పలక, పగ, నగ, గంప. గుణింతాల్లో ‘ా’, ‘ి’, ‘ు’ ముందు చెప్పి, మిగతావి ఆ తర్వాత. ఞ, ఙ లాంటివి చార్టులో ఉన్నాయని చూపించి వదిలేశాను. పిల్ల చదివే మాటల్లో అవి రావడం చాలా అరుదు.

కొన్ని అక్షరాల దగ్గర పిల్లలందరూ తడబడేవారు. ‘మ’, ‘వు’ రెండూ పక్కపక్కన రాసి చూడండి. వంపు ఒకటే, కొమ్ము ఒకటే. ‘వ’కు కొమ్ము పక్కన పెడితే ‘మ’ అయిపోతుందనే దాన్ని కింద నుంచి తిప్పుతాం. పెద్దవాళ్లకు ఇది కంటికి ఆనదు, ఆరేళ్ల పిల్లకు అదే పెద్ద గోడ. ‘ఆవు’ అని రాస్తే ‘ఆమ’ అని చదివేవారు. ఒకబ్బాయి అయితే ‘ఆమ పాలు ఇస్తుంది’ అని చదివి, తనే తల అడ్డంగా ఊపి, మళ్లీ అక్షరం వైపు చూసి ‘ఆవు’ అన్నాడు. అర్థం కుదరలేదని వాడికే తోచింది! ఆ రోజు నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. ఇసుకలో వేలితో, నేల మీద సుద్దతో, గాలిలో చేత్తో ఈ రెండింటినీ రాయించాను. చెయ్యి తిరిగే దారి వేరని తెలిశాక కంటికీ తేడా తెలిసింది. ప, వ, య ఇంకో జట్టు. ‘ప’కు తలకట్టు అంటుకోదు, ‘వ’కు అంటుకుంటుంది అని ఒకసారి వేలితో తడిమి చూపిస్తే చాలామంది పట్టుకున్నారు.

ఒత్తులు చివర్లో చెప్పాలని అంటారు. నేను అంతవరకు ఆగలేదు. ఎందుకంటే పిల్లల నోట్లో ఉండే మాటలే ఒత్తులతో నిండి ఉంటాయి. అమ్మ, అన్న, అక్క, అవ్వ, బువ్వ, పప్పు, గుడ్డు, పత్తి, డబ్బు. ఇవేవీ లేకుండా ‘వల, కల, నగ’ అంటూ ఎంతకాలం చదువుతారు? గుడ్డు, డబ్బు లాంటి మాటల్లో కిందున్నది తలకట్టు లేని అదే అక్షరం, పిల్లలు ఊహించేస్తారు. త, న, మ, య, ర, ల ఒత్తులకు మాత్రం అసలు అక్షరంతో పోలికే ఉండదు. వాటికి ఒక్కో మాట కట్టిపెట్టాను: అత్త, అన్న, అమ్మ, అయ్య, గొర్రె, మల్లె. ఒత్తు చూడగానే ఆ మాట గుర్తుకొస్తుంది, మాట గుర్తొస్తే అక్షరం వస్తుంది.

ఇదంతా సాఫీగా జరిగే కాలం కాదు అది. నేను చేరింది అక్టోబర్‌లో. నల్గొండ పల్లెల్లో అప్పుడే పత్తి ఏరడం మొదలవుతుంది. కిలోకింత అని కూలి కట్టిస్తారు కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లందరూ చీకటితోనే చేలకు వెళ్లిపోతారు. గదిలో ఒక్కోరోజు సగం మందే కనిపించేవారు. కంఠతా పాఠం చెప్పిన పాప వరసగా కొన్ని రోజులు రాలేదు. వచ్చాక అడిగితే, ‘అమ్మ పత్తి ఏరబోయింది మేడం. తమ్ముణ్ని చూసుకొమ్మన్నది’ అంది. ‘తమ్ముణ్ని కూడా తీసుకొని రా’ అన్నాను. మర్నాడు ఆ మూడేళ్ల పిల్లాడిని చంకన వేసుకుని వచ్చింది. వాడికి ఒక పలక, ఒక బలపం ఇచ్చి చాప మీద కూర్చోబెట్టాను. ఊళ్లో అంగన్‌వాడీ ఉంది కానీ అక్క కనబడకపోతే వాడు ఏడుపు ఆపడు. కొన్నాళ్లకు ఇంకో ఇద్దరు తమ్ముళ్లు, ఒక చెల్లి కూడా చేరారు. సందడి పెరిగిన మాట నిజమే. కానీ పెద్దపిల్ల ఇంటి దగ్గర ఆగిపోవడం కన్నా అది నయం అని సార్ కూడా ఒప్పుకున్నారు.

నవంబర్ 6న రాష్ట్రమంతటా ఇంటింటి సర్వే మొదలైంది. ఇళ్లకు వెళ్లి వివరాలు రాసే పని ఎక్కువగా ప్రైమరీ టీచర్లకే పడింది. అందుకని ఆ నెలాఖరు దాకా ప్రైమరీ బడులు మధ్యాహ్నం ఒంటిగంట వరకే నడిచాయి. పిల్లలకు భోజనం పెట్టి ఇళ్లకు పంపి, ఫారాలు పట్టుకుని మేమూ ఊళ్లోకి వెళ్లేవాళ్లం. మొత్తం 75 ప్రశ్నలు. ఇల్లు ఇల్లూ తిరిగేసరికి చీకటి పడేది. చదువు చెప్పాల్సిన మధ్యాహ్నాలు పోయాయని టెన్షన్ ఉన్నా, ఆ తిరుగుడు వల్ల ప్రతి పిల్ల ఇల్లూ చూశాను. రేకుల ఇంట్లో ఎక్కడ కూర్చుని హోంవర్క్ రాస్తారో, పొద్దున ఎవరు లేపి పంపుతారో, సాయంత్రం ఇంట్లో ఎవరుంటారో తెలిసింది. చాలా ఇళ్లలో బడి పుస్తకాలు తప్ప ఇంకో పుస్తకం లేదు. కానీ అక్షరాలు లేని ఇల్లు మాత్రం లేదు. గోడకు తెలుగు క్యాలెండర్, గూట్లో పెళ్లి పత్రికలు, మూలన యూరియా బస్తాలు, విత్తనాల ప్యాకెట్లు.

మర్నాటి నుంచి అవే మా పాఠాలు. ‘ఇంట్లో పారేసే కవర్లు తీసుకురండి’ అన్నాను. పప్పు ప్యాకెట్లు, సబ్బు కాగితాలు, పాత పెళ్లి పత్రికలు సంచుల్లో వచ్చాయి. పెళ్లి పత్రికలో ఊరి పేరు ఎక్కడుందో వెతకడం పదాల గుంపుకు చాలా ఇష్టమైన ఆట అయింది. ‘యూరియా’ అనే మాట ఒక్కరికి కూడా నేను చెప్పనక్కర్లేకపోయింది. ఆ మూడక్షరాల నుంచే యూ, రి, యా చెప్పుకున్నాం.

కంఠతా పట్టే అలవాటును కూడా వదులుకోకూడదనిపించింది. మా బడిలో రోజూ ప్రార్థనలో రాష్ట్ర గీతం, ప్రతిజ్ఞ ఉంటాయి. ఆ ప్రతిజ్ఞ రాసిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారిది మా నల్గొండ జిల్లాలోని అన్నెపర్తే. 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉన్నప్పుడు ఆయన తెలుగులో రాసినది ఇప్పుడు దేశమంతా పిల్లలు తమ తమ భాషల్లో చెబుతున్నారు. ఈ సంగతి చెబితే పిల్లలకు ఎంత గర్వమో! ‘మన దగ్గరి సారేనా మేడం?’ అని ఒకటికి రెండుసార్లు అడిగారు. ప్రతిజ్ఞను పెద్ద అక్షరాలతో చార్టు మీద రాసి గోడకు పెట్టాను. పిల్లలకు నోటికి వచ్చు, కాబట్టి ఏ మాట తర్వాత ఏ మాటో ముందే తెలుసు. ఇక చేయాల్సిందల్లా నోట్లోని మాటను చార్టు మీది మాటతో కలపడమే. ఒక్కో మాటకు ఒక్కసారి కర్ర ఆనించాలి, నోరు ముందు పోకూడదు, కర్ర వెనకబడకూడదు. ‘నా’ అనే మాట ఎన్నిచోట్ల ఉందో చూపించమంటే ఎగబడి చూపించేవారు. ‘నాకు’లో కూడా ఉందని కనిపెట్టింది ఆ మూడో తరగతి పాపే. నోటికి వచ్చిన పాఠంతోనే ఆ పిల్లకు అక్షరాల దారి దొరికింది.

లెక్కల సంగతి తక్కువే చెబుతాను, కానీ ఒకటి చెప్పాలి. ‘ఇరవై ఒకటి’ రాయమంటే రెండో తరగతిలో సగం మంది 201 అని రాశారు. విన్నది విన్నట్టే రాశారు: ఇరవై, పక్కన ఒకటి. దీనికి కొబ్బరి ఈనెలు తెచ్చి పదేసి కట్టలు కట్టించాం. రెండు కట్టలు, విడిగా ఒక పుల్ల. కట్టల సంఖ్య ఒక గడిలో, విడి పుల్లల సంఖ్య పక్క గడిలో. చేత్తో కట్టిన పిల్లలు మళ్లీ 201 రాయలేదు.

అన్నిటికన్నా మంచి లెక్కల క్లాసు మాత్రం మధ్యాహ్న భోజనమే. ప్రైమరీ పిల్లకు పూటకు 100 గ్రాముల బియ్యం. పొద్దున హాజరు తీయగానే మూడో తరగతి పిల్లలు రెండు గదులూ తిరిగి లెక్క తెచ్చి, బోర్డు మూలన నమోదు, హాజరు గళ్లలో రాస్తారు. 34 మంది వస్తే ఎన్ని బియ్యం? మూడు కిలోల నాలుగు వందల గ్రాములు. ఆ చీటీ తీసుకెళ్లి వంట అక్కకు చదివి వినిపించాలి. గుడ్డు పెట్టే రోజు అయితే ఇంకా జాగ్రత్తగా లెక్కపెట్టేవారు, ఎందుకంటే ఒకటి తక్కువైతే ఎవరికో ఒకరికి లేకుండా పోతుంది. వంట అక్క వాళ్ల లెక్కను ఎప్పుడూ తేలిగ్గా తీసుకోలేదు. చీటీ చూసి కొలిచి, ‘సరిపోయిందా మల్ల?’ అని పిల్లలనే అడిగేది. నేను ఎన్ని చార్టులు పెట్టినా ఆ ప్రశ్నకున్న విలువ రాదు.

సంక్రాంతి తర్వాత పిల్లలు చెప్పిన మాటలనే పాఠంగా రాయడం మొదలుపెట్టాను. శనివారం మధ్యాహ్నం గుండ్రంగా కూర్చుని ఎవరో ఒకరు ఇంటి ముచ్చట చెబుతారు. నేను దాన్ని వాళ్లు చెప్పినట్టే బోర్డు మీద రాస్తాను. ఒక పాప, ‘మా మేక ఈనింది. రెండు పిల్లలు పుట్టినయి. ఒకటి నల్లది. అది పాలు తాగుతలేదు’ అని చెప్పింది. ‘పుట్టాయి’ అనో ‘తాగడం లేదు’ అనో నేను దిద్దలేదు. పుస్తకం భాష నేర్పాల్సిందే, అది తర్వాత వాక్యాల్లో వస్తుంది. ముందు తన నోటి మాట బోర్డు మీద కనబడాలి. నాలుగు వాక్యాలూ ఆ పాప ఎవరి సాయం లేకుండా చదివింది. ఇంటర్వెల్లో ఇంకొకరికి చదివి వినిపించింది. ‘తాగుతలేదు’ దగ్గర ఆగి, మేకపిల్ల ఇప్పుడు తాగుతోందని, దాన్ని కూడా రాయమని నా దగ్గరికి వచ్చింది. ఆ కథలన్నీ తెల్లకాగితాల మీద రాసి, పక్కన పిల్లలతో బొమ్మలు వేయించి, దారంతో కుట్టాం. గదిలో ఎక్కువగా నలిగిన పుస్తకం అదే.

ఇంగ్లీషు గురించి తల్లిదండ్రులు అడగని రోజు లేదు. 2022 నుంచి మా బడుల్లో కూడా ఇంగ్లీషు మీడియం వచ్చింది, లెక్కల పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు ఉంటుంది. ఊరి మీదుగా ప్రైవేటు బడి బస్సు రోజూ పోతుంది. బడి పిల్లల తల్లులుండే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ సమావేశంలో ఒక తల్లి సూటిగానే అడిగింది: ‘తెలుగు ఇంట్ల మాట్లాడుతనే ఉంది మేడం, ఇంగ్లీషు చెప్పరాదు?’ వాళ్ల కూతురితో మేకపిల్ల కథ చదివించి వినిపించాను. మాట్లాడే భాషలోనే అక్షరం మాటగా మారడం తెలిసిన పిల్లకు రెండో భాషలో అదే పని తేలికవుతుందని, తెలియని మాటలతో మొదలుపెడితే మళ్లీ కంఠతా పట్టడమే మిగులుతుందని చెప్పాను. ఇంగ్లీషు పాటలు, చిన్న చిన్న మాటలు రోజూ చెబుతూనే ఉన్నాం, మానలేదు. కానీ చదవడం మాత్రం ముందు తెలుగులోనే రావాలని నేను గట్టిగా నమ్ముతాను. ఆ సమావేశంలోనే తల్లులను ఒక్కటి అడిగాను. ‘మీకు చదువు రాకపోయినా ఫరవాలేదు. అన్నం వండుతూ పది నిమిషాలు పిల్ల చదివితే వినండి. అయిపోయాక అందులో ఏముందో చెప్పమనండి.’ ఏముందో చెప్పగలిగితే చదివినట్టే. ఒకావిడ, ‘గిదైతే నాకూ వస్తది’ అంది. ఆవిడ కొడుకు అప్పటికి అక్షరాల గుంపులో ఉన్నాడు. ఫిబ్రవరికల్లా పదాల గుంపుకు వచ్చాడు.

ఏప్రిల్‌లో, వేసవి సెలవులకు ముందు, అవే నాలుగు అట్టముక్కలతో మళ్లీ ఒక్కొక్కరినీ వరండాలోకి పిలిచాను. మాటలు మార్చాను, స్థాయి మార్చలేదు. మూడో తరగతి 8 మందిలో అయిదుగురు కథ చదివారు, ఏం జరిగిందో చెప్పారు. కంఠతా పాఠం చెప్పిన పాప వాక్యాల అట్ట మొత్తం చదివింది. మెల్లగా, కూడబలుక్కుంటూ, కానీ వేలూ నోరూ ఒక్కచోటే ఉన్నాయి. కథ ఇస్తే సగం దాకా చదివి, ‘మిగిలింది రేపు చదువుత మేడం’ అంది, మర్నాడు గుర్తుపెట్టుకుని వచ్చి చదివింది. ఒకటో తరగతిలో నలుగురు పదాలు చదివారు, ఇద్దరు ఇంకా గుణింతాల దగ్గర ఉన్నారు. ఏడో పిల్లాడు ఫిబ్రవరిలోనే అమ్మానాన్నలతో పనికోసం హైదరాబాద్ వెళ్లిపోయాడు. ‘ప’, ‘వ’ తేడా అప్పుడే పట్టుకున్నాడు. ఏ బడిలో చేర్చారో కనుక్కుందామని ఎన్నిసార్లు ఫోన్ చేసినా కలవలేదు. ఆ పిల్లాడి పేరు నా నోటుపుస్తకంలో ఇంకా కొట్టేయలేదు.

రెండో తరగతిలో ఒకబ్బాయి ఎంత చేసినా అక్షరాల దగ్గరే ఆగిపోయాడు. మాటలు స్పష్టంగా చెబుతాడు, లెక్కల్లో అందరికంటే చురుకు, బొమ్మలు బాగా వేస్తాడు. నిన్న చదివిన అక్షరం ఇవాళ కొత్తగా చూస్తాడు. సార్‌తో మాట్లాడి, వాళ్ల అమ్మానాన్నలను కూర్చోబెట్టి చెప్పి, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో ఉన్న భవిత కేంద్రం టీచరుకు చూపించాం. చదవడంలో ఇబ్బంది ఉన్న పిల్లలకు కొంచెం వేరేగా చెప్పాలని, చూడడంతో పాటు తాకడం, వినడం కలపాలని ఆవిడ చెప్పారు. గరుకు కాగితంతో అక్షరాలు కత్తిరించి ఇచ్చాను. సెలవుల్లో వాళ్ల నాన్న వాటితో కూర్చున్నాడని జూన్‌లో తెలిసింది.

2025 జూన్ 6 నుంచి బడిబాట, అంటే ఇంటింటికీ వెళ్లి పిల్లల్ని బడిలో చేర్పించే కార్యక్రమం. మళ్లీ అవే ఇళ్లకు వెళ్లాం, ఈసారి ఫారాలు లేకుండా. పిల్లలు కుట్టిన కథల పుస్తకం వెంట తీసుకెళ్లాను. కరపత్రం ఇస్తే మడిచి జేబులో పెట్టుకునేవాళ్లు, ఆ పుస్తకం ఇస్తే కూర్చుని పేజీలు తిప్పారు. పక్కింటి పిల్ల పేరు, ఫలానా వాళ్ల మేక కథ అని గుర్తుపట్టారు. ప్రైవేటు బడికి పంపాలనుకున్న రెండు ఇళ్ల వాళ్లు మా దగ్గర చేర్పించారు. జూన్ 12న బడి తెరిచేసరికి ఒకటో తరగతికి 9 మంది.

ఈ ఏడాది పేర్ల కార్డులు మొదటి రోజునే చేసి పెట్టాను, ఎవరి కార్డు వాళ్లే వెతుక్కుని హాజరు పలకకు తగిలిస్తున్నారు. ఒత్తులు దసరాకు ముందే మొదలుపెడతాను. పత్తి ఏరే రోజులు వచ్చేలోపు ఒకటో తరగతి వాళ్లందరూ చిన్న పదాలు చదవాలి, ఎందుకంటే ఆ తర్వాత గదిలో ఎంతమంది ఉంటారో నా చేతిలో ఉండదు. ఆ మూడో తరగతి పాప నాలుగుకు వెళ్లి సార్ గదిలో కూర్చుంటోంది. సార్‌ను అడిగి ఉదయం గంట మాత్రం తనను నా దగ్గరికే పంపించమన్నాను. కొత్తగా చేరిన వాళ్ల పలకలు ఇప్పుడు తనే చూస్తోంది. వాళ్ల తమ్ముడు అంగన్‌వాడీకి అలవాటు పడ్డాడు.